నీటి ఒడ్డుకు అతిథులుగా

ఫిఖ్‌హ్ గ్రంథాలలో మొట్టమొదటి పాఠం నీటిని గురించినది. వాన నీరు, నది నీరు, బావి నీరు, సముద్రపు నీరు, పారే నీరు, నిలిచిన నీరు, వీటి మధ్య తేడా ఏమిటో, వేటితో వుజూ చేయవచ్చునో తెలిసిన తరువాతనే నమాజు పాఠం మొదలవుతుంది. నెల్లూరులోని ఒక చిన్న మదర్సాలో ముప్పై ఏళ్ళుగా మేము ఈ పాఠం చెబుతున్నాము. రెండేళ్ళ క్రితం పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు మధ్యలో లేచి నిలబడి, "హజ్రత్! నది నీరూ సముద్రపు నీరూ కలిసిన చోట నీళ్ళు ఎలా ఉంటాయి? ఉప్పగా ఉంటాయా, తియ్యగా ఉంటాయా?" అని అడిగాడు.

అటువంటి నీరు పులికాట్ సరస్సులో ఉంది. అది మా ఊరికి వంద కిలోమీటర్ల లోపే ఉంది. అడిగిన పిల్లవాడు దానిని చూడలేదు. తరగతిలో ఉన్న ఇరవై ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. ఉత్తరాన పెన్నా నది, ఊరిని ఆనుకొని పెద్ద చెరువు, పాతిక కిలోమీటర్ల దూరంలో మైపాడు సముద్ర తీరం, పడమట వెలిగొండల కింద కండలేరు జలాశయం, దక్షిణాన పులికాట్ ఉన్న ప్రాంతంలో పుట్టి, ఆ పిల్లలు నీటిని కుళాయి కిందనే చూశారు. చూపించవలసిన మేము చూపించలేదు. దానికి ఒక కారణం ఉంది.

ఇరవై ఏళ్ళ క్రితం ఒక సెలవు రోజున విద్యార్థులను దగ్గరి పల్లెలోని చెరువుకు తీసుకువెళ్ళాము. అస్ర్ వేళకు పిల్లలు వుజూ కోసం మెట్ల మీద కూర్చున్నారు. ఒక బాలుని చేతిలోని లోటా జారి నీటిలో పడింది. దానిని అందుకోవడానికి వంగిన బాలుడు పాచి పట్టిన మెట్టు మీద కాలు జారి లోపలికి పోయాడు. అక్కడ నడుము లోతే ఉంటుందని మేము అనుకున్నాము. ఎండాకాలంలో ఒండ్రు మట్టి కోసం తవ్విన గుంత నీటి అడుగున ఉన్నదని మాకు తెలియదు. మాకు ఈత రాదు. మేము గట్టు మీద నిలబడి కేకలు వేయడం తప్ప ఏమీ చేయలేకపోయాము. గేదెలను కడుగుతున్న ఒక పెద్దాయన పరుగున వచ్చి, నీటిలోకి దూకకుండా, తన తలగుడ్డ విప్పి ఒక కొస విసిరాడు. అల్లాహ్ దయవల్ల పిల్లవాని చేతికి ఆ కొస దొరికింది. నీళ్ళు కక్కి కళ్ళు తెరిచిన బాలుడు మొట్టమొదట అన్న మాట, "హజ్రత్, లోటా పోయింది" అని.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తల్లిదండ్రులు పిల్లలను మా వద్ద అమానతుగా ఉంచారు. ఆ అమానతు విషయంలో మేము ఎంత అజాగ్రత్తగా ఉన్నామో తలచుకొంటే నేటికీ గుండె దడదడలాడుతుంది. మరునాటి నుండి మా మదర్సాలో విహారయాత్రలు లేవు. నీటి ఒడ్డుకు వెళ్ళడం నిషిద్ధం. తల్లిదండ్రులూ సంతోషించారు, మేమూ బాధ్యత నెరవేర్చామని అనుకున్నాము.

నిషేధం రక్షణ కాదని తెలుసుకోవడానికి మాకు పదిహేడేళ్ళు పట్టింది. ఒక శుక్రవారం జుమా తరువాత మా విద్యార్థులు నలుగురు తడి తలలతో తిరిగివచ్చారు. ఆరా తీస్తే, ఊరి బయట గ్రావెల్ తవ్విన గుంతలో వాన నీరు నిలిచిందనీ, నెల రోజులుగా అక్కడికి దొంగచాటుగా వెళ్ళి ఈత కొడుతున్నారనీ బయటపడింది. వారిలో ఎవరికీ ఈత సరిగా రాదు. ఒడ్డున కాపలా ఎవరూ లేరు. గుంత ఎంత లోతో ఎవరికీ తెలియదు. వారిని మందలించడానికి పిలిపించిన మేము మందలించలేకపోయాము. మేము మూసినది రహదారిని. పిల్లలు అడ్డదారిని వెదకుకున్నారు. ఆ మరుసటి నెలలోనే పైన చెప్పిన బాలుడు తన ప్రశ్న అడిగాడు. దానితో మా మనసు మారింది.

మొదట ఈత నేర్పించాము. పిల్లలకు ఈత నేర్పడం మన పెద్దలు మెచ్చిన విద్యలలో ఒకటి. మత్స్యకార కుటుంబానికి చెందిన ఒక పెద్దమనిషి, పంట కాలువలో నీరు నడుము లోతు దాటని రోజులలో, వారానికి రెండు సార్లు పిల్లలకు నేర్పాడు. సతర్ నియమాన్ని పాటించే దుస్తులు కుట్టించాము. యాభై దాటిన వయసులో మేమూ దిగాము. మాకు వచ్చిన ఈత చెప్పుకోదగినది కాదు గాని, నీటిలో పడినవాడు మొదట చేయవలసిన పని తేలడమనీ, ఒడ్డుకు చేరడం తరువాతి సంగతనీ తెలిసింది. ఆ తరువాతనే తల్లిదండ్రుల అనుమతి తీసుకొని, శీతాకాలంలో మూడు విడతలుగా మూడు నీటి ఒడ్డులను చూడాలని నిశ్చయించాము.

మొదటిది మన ఊరి చెరువే. స్వర్ణాల చెరువు పేరు వినగానే అందరికీ ముహర్రం నెలలో బారాషహీద్ దర్గా వద్ద జరిగే రొట్టెల పండుగ గుర్తుకు వస్తుంది. ఆ రోజులలో అన్ని మతాలవారూ ఈ నీటిలో నిలబడి రొట్టెలు ఇచ్చిపుచ్చుకొంటారు. మేము వెళ్ళినది అటువంటి సందడి లేని మామూలు రోజున, ఫజ్ర్ నమాజు అయిన వెంటనే. పొగమంచు నీటి మీద పలుచగా పరచుకొని ఉంది. కొంగలు ఒంటికాలి మీద కదలక నిలబడి ఉన్నాయి. చెరువంటే ఏమిటో పిల్లలకు అక్కడ విడమరచి చెప్పాము. నది వరదలో వచ్చి పోయే నీటిని ఒక కట్ట వేసి ఆపి, తూము ద్వారా కొలతగా పొలాలకు వదలడం మన పూర్వుల తెలివి. కొలత లేకుండా పారితే వరద, కొలతగా వదిలితే వరిచేను. నెల్లూరు మొలగొలుకుల బియ్యానికి పేరు వచ్చినది ఈ చెరువుల వల్లా, కాలువల వల్లా, పెన్నా మీద కట్టిన ఆనకట్టల వల్లా. సంగం వద్దా నెల్లూరు వద్దా కట్టిన కొత్త బ్యారేజీలు 2022లో ప్రారంభమయ్యాయి.

ఒక పిల్లవాడు గట్టు కింద నీటి అంచున పేరుకున్న ప్లాస్టిక్ కవర్లను చూపి, "ఇవి ఎవరివి హజ్రత్?" అని అడిగాడు. మాకు వెంటనే జవాబు దొరకలేదు. ఎవరివీ కావని అనడానికి వీలులేదు. ఆ కవర్ల మీద మన వీధి దుకాణాల పేర్లే ఉన్నాయి. ప్రవహించే నది ఒడ్డున కూర్చున్నా సరే వుజూ నీటిని దుబారా చేయరాదని మేము ఏటా పాఠం చెబుతాము. దుబారా చేయరాని నీటిని మలినం చేయవచ్చునా? ఆ ఉదయం పిల్లలు రెండు గోతాలు నింపారు.

రెండవ ప్రయాణం పొదలకూరు మీదుగా కండలేరుకు. నిమ్మతోటల మధ్య దారి సాగి, వెలిగొండలు దగ్గరవుతున్నకొద్దీ గాలి మారుతుంది. కండలేరు జలాశయపు మట్టికట్ట సుమారు పదకొండు కిలోమీటర్ల పొడవు. దాని మీద నిలబడి చూస్తే ఒక వైపు కొండల వరకు నీరు, మరొక వైపు కిందుగా పొలాలు. ఈ జలాశయం సామర్థ్యం 68 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పిల్లలు ఆ లెక్కను వేళ్ళ మీద వేయబోయి నవ్వుకొన్నారు.

ఈ నీరు ఎక్కడి నుండి వచ్చింది, ఎక్కడికి పోతుంది అన్నదే ఇక్కడి అసలు కథ. కృష్ణా నీరు శ్రీశైలం నుండి బయలుదేరి, కర్నూలు, కడప ప్రాంతాల కాలువలూ జలాశయాలూ దాటి, పెన్నా మీది సోమశిలకు చేరుతుంది. సోమశిల నుండి కాలువ ద్వారా కండలేరుకు వస్తుంది. కండలేరు నుండి 152 కిలోమీటర్లు ప్రయాణించి తమిళనాడు సరిహద్దు చేరుకొని, అక్కడి నుండి పూండి జలాశయంలో కలిసి, చెన్నై నగరపు దాహం తీరుస్తుంది. 1983లో రెండు రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు చెన్నైకి అందాలి. 1996లో మొదటిసారిగా ఈ నీరు సరిహద్దు దాటింది. ఎండాకాలంలో చెన్నై నగరంలో బిందెల వరుసలు పెరిగినప్పుడల్లా అక్కడివారు కండలేరులో నీటి మట్టం ఎంత ఉందో ఆరా తీస్తారు.

అది విన్న తరువాత బిస్కెట్ పొట్లం కాగితాన్ని విసరబోయిన ఒక చెయ్యి ఆగిపోవడం మేము గమనించాము. ఏమిటని అడిగితే, "చెన్నైలో ఎవరైనా ఈ నీటితోనే వుజూ చేస్తారేమో హజ్రత్" అన్నాడు. చేస్తారు. వారు మనకు తెలియదు, మనం వారికి తెలియదు. మధ్యలో ఉన్నది ఈ నీరు ఒక్కటే.

కట్ట మీద గాలి బలంగా వీస్తుంది. నీటి వైపున రాళ్ళు పేర్చిన వాలు ఉంటుంది. దానిని చూస్తే మెట్లలాగా కనిపిస్తుంది గాని అది మెట్లు కాదు. అలల తాకిడికి నునుపెక్కిన రాళ్ళు జారుతాయి, రెండడుగులు దిగగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. తూముల దగ్గర పైకి నిశ్చలంగా కనిపించే నీరు అడుగున ఈడ్చుకుపోతుంది. అందుకే వుజూకు నీరు డబ్బాలలో ఇంటి నుండి తెచ్చుకొన్నాము. ఎవరూ కట్ట అంచు దాటరాదని ముందే చెప్పాము. అయినా మా చూపు పిల్లల మీద నుండి కదలలేదు. ఇరవై ఏళ్ళ నాటి కేకలు చెవులలో మ్రోగుతూనే ఉన్నాయి.

జుహ్ర్ నమాజుకు వరుసలు సర్దుతుండగా వెనుక నుండి ఒక అరుపు వినిపించింది. మేము ఉలిక్కిపడి తిరిగాము. గాలికి ఒక బాలుని టోపీ ఎగిరి రాళ్ళ మీదుగా దొర్లి నీటిలో పడింది. వాడు కట్ట అంచున రెండు చేతులూ కట్టుకొని నిలబడి ఉన్నాడు. మా ముఖం చూసి, "టోపీ పడిపోయింది హజ్రత్. నేను దిగలేదు" అన్నాడు. మేము ఏమీ అనలేకపోయాము. మా టోపీ తీసి వాని తల మీద పెట్టి, రుమాలు మా తలకు చుట్టుకొని నమాజు చేయించాము. ఆ సజ్దాలో మేము ఎంతసేపు ఉండిపోయామో వెనుకనున్న పిల్లలకే తెలియాలి.

ఈ రెండు ప్రయాణాల ముచ్చట్లు మా ఇంట్లో భోజనాల దగ్గర సాగుతుండగా మా శ్రీమతి వడ్డన ఆపి ఒక మాట అన్నారు. "ఏమండీ, పిల్లలకు చూపించారు, సంతోషం. మన పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. రొట్టెల పండుగ నాడు తప్ప నేను చెరువు గట్టున కూర్చున్నది లేదు." ఆమె ఆ మాట నవ్వుతూనే అన్నారు, మాకు మాత్రం నవ్వు రాలేదు. నలభై మంది పిల్లలకు బాధ్యులమని ఇరవై ఏళ్ళు భయపడిన మేము, ఇంట్లో ఉన్న ఒక్కరి కోరిక అడిగి తెలుసుకోలేదు. మూడవ ప్రయాణం కుటుంబాలతో కలిసి చేయాలని అప్పుడే నిర్ణయమైంది.

జనవరిలో ఒక ఆదివారం రెండు బస్సులలో బయలుదేరాము. ఒకటి స్త్రీలకూ చిన్నపిల్లలకూ, మరొకటి మాకూ విద్యార్థులకూ. చపాతీలు, కోడిగుడ్ల కూర, పెరుగన్నం, మలై కాజాలు, రెండు పెద్ద చాపలు వెంట ఉన్నాయి. జాతీయ రహదారి మీద గూడూరు, నాయుడుపేట దాటిన తరువాత దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం వస్తుంది. 1976 నుండి ఇది రక్షిత ప్రాంతం. ఇక్కడి చెరువులో కడప చెట్లు నీటిలోనే నిలబడి పెరుగుతాయి. వాటి కొమ్మల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకొంటాయి. అక్టోబరులో వచ్చి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరే వేళకు వెళ్ళిపోతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా ఇక్కడ కాపురం పెడతాయి.

గూడబాతు తన పొడవైన ముక్కు కింది సంచిలో చేపలను తెచ్చి నోరు తెరిస్తే, పిల్ల ఆ నోటిలోకి తల దూర్చి తింటుంది. చూపు గొట్టంలో దానిని చూసిన మా శ్రీమతి, పక్కనున్న మరొక ఉస్తాద్ గారి భార్యతో, "చూడండి ఆపా, మన పిల్లలే నయం" అన్నారు. అందరూ నవ్వారు. ఆ ఊరి రైతులు ఈ పక్షులను ఎందుకు తరమరో కూడా తెలుసుకొన్నాము. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు వంటిది. పక్షులకు చెట్లు కావాలి, పొలాలకు ఆ నీరు కావాలి. ఇచ్చిపుచ్చుకోవడం మనుషుల మధ్యనే జరగనక్కరలేదు.

అక్కడి నుండి సూళ్ళూరుపేట వెళ్ళి, శ్రీహరికోట వైపు తిరిగే రోడ్డు మీదికి రాగానే రెండు వైపులా పులికాట్ కనిపించింది. ఉప్పు నీటి సరస్సులలో చిలికా తరువాత మన దేశంలో ఇదే పెద్దది. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదుల నీరు ఒక పక్క నుండి వస్తే, ముఖద్వారాల గుండా సముద్రపు నీరు మరొక పక్క నుండి వస్తుంది. ఇంత విశాలమైన సరస్సులో చాలా చోట్ల లోతు నడుము దాటదు. ఆ లోతు తక్కువ నీటిలోనే ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. తలను తలకిందులుగా నీటిలో ముంచి, బురద నీటిని వడకట్టి చిన్న చిన్న రొయ్యలనూ నాచునూ తింటాయి. వాటి రెక్కల గులాబి రంగు ఆ ఆహారం నుండి వచ్చినదే. పిల్లగా ఉన్నప్పుడు ఫ్లెమింగో బూడిద రంగులో ఉంటుంది. తిన్న తిండి రంగు ఒంటికి పడుతుందని చెప్పగానే, హలాల్ సంపాదన పాఠం ఇక చెప్పనక్కరలేదని ఒక పెద్ద విద్యార్థి గుసగుసలాడాడు.

సరస్సు అంచున వల ఆరబెట్టుకొంటున్న ఒక మత్స్యకారుని వద్దకు మా ప్రశ్నల పిల్లవాడు వెళ్ళాడు. రెండేళ్ళుగా దాచుకొన్న ప్రశ్ననే అడిగాడు. ఆయన నవ్వి, "ఏ నెలలో నీళ్ళని అడుగుతుండావు అబ్బయ్యా?" అన్నాడు. "వానలప్పుడు వస్తే ఉప్పు పలచబడి ఉంటది. ఎండల్లో వస్తే సముద్రం కంటే ఉప్పన. ఆ ముఖద్వారాలు పూడిపోయినాయంటే రెండూ ఉండవు, బురద మిగులుద్ది. చేపా ఉండదు, మేమూ ఉండం." పిల్లవాడు వేలు ముంచి నాలుకకు తాకించుకొన్నాడు. "కొంచెం ఉప్పగా ఉంది హజ్రత్" అన్నాడు. ముప్పై ఏళ్ళ మా పాఠంలో ఆ నెలల తేడా లేదు. ముఖద్వారాలలో ఇసుక మేట వేసి సముద్రపు నీరు రాక ఆగిపోతే వలలు ఖాళీగా వస్తాయని అక్కడి ఊళ్ళవారు ఎంతో కాలంగా మొరపెట్టుకొంటున్నారు. మనం రెండు గంటలు చూసి ఆనందించే నీరు వారికి బ్రతుకు.

అస్ర్ నమాజు ఒడ్డునే చేశాము. కండలేరు వద్ద నాలుగు రకాతులు చేసినవారు ఇక్కడ దూరాన్ని బట్టి కస్ర్‌గా రెండు చేయడంతో, ప్రయాణ నమాజు పాఠం కూడా దారిలోనే పూర్తయింది. స్త్రీలు కొంచెం ఎడంగా పరచుకొన్న చాప మీద నమాజు ముగించి, చాలాసేపు నీటి వైపు చూస్తూ కూర్చున్నారు. మేము బస్సు ఎక్కమని తొందరపెట్టలేదు.

మాకు తెలిసివచ్చిన నాలుగు మాటలు పాఠకులైన తల్లిదండ్రులకు విన్నవించుకొంటాము. పిల్లలకు మొదట ఈత నేర్పించండి, తరువాత నీటిని చూపించండి. చెరువు అడుగున మట్టి తవ్విన గుంతలు ఉంటాయి గనుక, ఎంత తెలిసిన చెరువైనా స్థానికులను అడగకుండా దిగనివ్వకండి. జలాశయంలో అసలే దిగనివ్వకండి. వెంట ఒక పొడవైన తాడూ, మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా ఉంచుకోండి. ఎవరైనా పడితే దూకకండి, డబ్బాను తాడుతో కట్టి విసరండి. ఈత రానివారు దూకితే ఒకరికి బదులు ఇద్దరు మునుగుతారు. పదిమంది పిల్లలకు ఒక పెద్దవారు కేవలం చూస్తూ ఉండే పని మీదనే ఉండాలి, వారి చేతిలో ఫోను ఉండరాదు. తెచ్చుకొన్న చెత్త తిరిగి ఇంటికి రావాలి. గూళ్ళ దగ్గర కేకలు, పాటల పెట్టెలు వద్దు. ఇవన్నీ ఒక అతిథి మరొకరి ఇంట్లో పాటించే మర్యాదలే. ఆ ఇల్లు రైతుది, మత్స్యకారునిది, పక్షిది, ఎక్కడో కుళాయి ముందు బిందె పెట్టుకొన్న ఒక తల్లిది. అందరికీ యజమాని అల్లాహ్.

ఇరవై ఏళ్ళ నాటి ఆ బాలుడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. ఈ ప్రయాణాల సంగతి విని ఒక రోజు మదర్సాకు వచ్చాడు. తన పెద్దవాణ్ణి ముందుకు నెట్టి, "వీడికి కూడా ఈత నేర్పించండి హజ్రత్" అన్నాడు. వచ్చే వారం నుండి వాడు కాలువకు వస్తున్నాడు, ఇన్‌షా అల్లాహ్. తాడూ డబ్బా సిద్ధంగా ఉన్నాయి.